రాకాసి కోడి కిట్టు: 5 ల 3 స్టార్లు, తలకాయ సూపర్, చేతులెందుకు పెట్టిండ్రో తెల్వది

ఇది ఎప్పుడో అంతరించిపోయిన ఒక రాకాసి పక్షి బొక్కలను అతికించి నిలబెట్టే ప్లాస్టిక్ కిట్టు ముచ్చట. ముందుగాల్నే చెప్తున్న, నేను బొమ్మల రివ్యూలు రాసేటోన్ని కాదు. మహారాష్ట్రల, తెలంగాణ అంచుకు ఉన్న సిరొంచల చికెన్ సెంటర్ నడుపుత, పద్నాలుగేండ్లాయె, మామూలు రోజుల్ల నలభై యాభై కోళ్ళు, ఆదివారం అయితే లెక్కే లేదు, అన్ని నా చేతులకెళ్ళే పోతయ్. సెల్ ఫోన్ల గురించో కూలర్ల గురించో అయితే నోరు మూసుకొని కూసుందును గని పక్షి బొక్కలు అనేసరికి ఆగబుద్ధి అయితలేదు. ఈ కిట్టు తయారు చేసినోళ్ళల్ల మస్తు చదువుకున్నోళ్ళు ఉండొచ్చు, గని ఒక్కలన్న జిందగీల కోడిని కోసినట్టు లేరు.

కొన్నది మా పోరని కోసం. ఆరో తరగతి, బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, దోస్తులతోని రెండు కలిపి ఇంకేదో భాష. బడోళ్ళు వడదం ఫాసిల్ పార్కుకు తీస్కపోయిండ్రు, మా ఊరికి దగ్గర్నే, అక్కడ రాయి అయిపోయిన చెట్ల మోడులు అవీ చూసొచ్చిండు, అప్పటి సంది ఇంట్ల వేరే ముచ్చట లేదు. ఒకరోజు రాత్రి అన్నం కాడ కూసొని "బాపూ, డైనోసార్లు పోయినంక కోళ్ళే రాజులైనయట" అన్నడు. కోళ్ళు కాదురా, పక్షులు అని ఉంటరు అన్న. "ఆఁ అదే అదే" అని ఫోన్ల చూపిస్తే నిజంగనే, ఎగరరాని పక్షి, మనిషి కన్న ఎత్తు, గొడ్డలి లెక్క వంకర ముక్కు. ఇంగ్లీషుల టెర్రర్ బర్డ్ అంటరట, మా ఇంట్ల మాత్రం ఆ రాత్రి నుంచి దాని పేరు రాకాసి కోడే.

ఇగ దాని బొక్కల కిట్టు ఆన్‌లైన్ల దొరుకుతదని వాడే పట్టిండు. 1,349 రూపాయలు. నాలుగు నాటుకోళ్ళ పైసలు, ఒక బొమ్మకు. మా ఇంటామె రెండు రోజులు మాట్లాడలే. డెలివరీ గురించి ఎక్కువ చెప్ప, మా దిక్కు ఉండేటోళ్ళకు తెలుసు, మొదటిసారి సిరొంచ అడ్రస్ ఇస్తే తొమ్మిది రోజులు తిరిగి తిరిగి "చిరునామా దొరకలేదు" అని ఎన్కకు పోయింది, బజారు నడుమల ఉన్న దుకాణం, ఊరంతా వాసన పట్టుకొని వస్తరు, కొరియర్ పిలగానికి దొరకలేదట. రెండోసారి మంచిర్యాలల మా బావమరిది ఇంటికి వేసిన, మూడో రోజు వచ్చింది, ఆయన ప్రాణహిత బ్రిడ్జి దాటి తెచ్చిచ్చిండు. డెలివరీకి స్టార్ కోస్తలేను, అది బొమ్మ తప్పు కాదు.

డబ్బా తెరిస్తే అయిదు ప్లాస్టిక్ కవర్లు, 68 ముక్కలు, ఒక చిన్న గమ్ము ట్యూబు, ఒక స్టాండు, ఒక కాయిదం. కాయిదం ఇంగ్లీషు, హిందీ, మరాఠీ, మూడు భాషల్ల ఉన్నది, తెలుగు లేదు. గందుకని మా ఇంట్ల ఏమాయెనంటే పోరడు మరాఠీల చదివి నాకు తెలుగుల చెప్పుడు, నేను అది తప్పా ఒప్పా అని కోడి లెక్కల చూసుడు, మా అవ్వ మంచం మీద కూసొని "ఇంట్ల బొక్కలు పెట్టుకుంటరార, అరిష్టం" అనుడు. రోజూ బొక్కల మీదనే బతుకుతున్నం కదనే అవ్వా అంటే అవి వేరు ఇవి వేరు అంటది.

డబ్బా మీద పక్షి పేరు కెలెంకెన్ అని ఉన్నది. ఇది అర్జెంటీనా దేశంల, పటగోనియా అనే దిక్కు దొరికింది, 2007 ల దానికి పేరు పెట్టిండ్రు, అక్కడి టెవెల్చే అనే ఆదివాసుల కథల్ల ఒక భయంకరమైన దయ్యం ఉంటదట, పెద్ద పక్షి రూపంల, దాని పేరే దీనికి పెట్టిండ్రు. ఇది బతికింది సుమారు కోటిన్నర ఏండ్ల కింద. దొరికిన తలకాయ పొడుగు 71.6 సెంటీమీటర్లు, ఇప్పటిదాక దొరికిన పక్షుల తలకాయలల్ల ఇదే అన్నిటికన్న పెద్దది. డబ్బా మీద నిజం పక్షిల ఆరో వంతు సైజు అని రాసి ఉన్నది, నేను ఊకె నమ్మేటోన్ని కాదు, కాంటా కాడ ఉండే టేపు తెచ్చి బొమ్మ తలకాయ కొలిచిన, సరిగ్గ 12 సెంటీమీటర్లు. ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు. లెక్క కుదిరింది. ఈ ఒక్కదానికే వాళ్ళకు ఒక స్టార్ ఇచ్చేసిన.

71.6 సెంటీమీటర్లు అంటే ఎంతనో వట్టిగ చదివితే తెల్వది. మా దుకాణంల కొట్టే చింతమొద్దు అడ్డం రెండడుగులు ఉంటది. దాని మీద నిజం తలకాయ పెడితే ముక్కు కొస బెత్తెడు కన్న ఎక్కువనే బయటికి వస్తది. పోరనికి చాక్‌పీసుతోని మొద్దు మీద గీసి చూపించిన, ఎన్క భాగం ఇక్కడ, కన్ను ఇక్కడ, ముక్కు కొస గాలిల. వాడు కొద్దిసేపు ఏం మాట్లాడలే. తర్వాత "దీనికి కందనకాయ ఎంత ఉంటుండె బాపూ" అన్నడు. నా కొడుకే.

తలకాయ అచ్చు మస్తు మంచిగ వచ్చింది. ముక్కు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగ, ఎత్తుగ, కొసన కిందికి కొక్కెం. కండ్ల గుంతలు, ముక్కు రంధ్రాలు సరిగ్గ తొలిచిండ్రు, ముక్కు మీద సన్న గీతలు కూడ ఉన్నయ్. పైముక్కు, పుర్రె ఒకటే ముక్కగ పోసిండ్రు, నడుమ మడత లేదు, ఇది తెలిసి చేసిండ్రో ఖర్చు తగ్గుతదని చేసిండ్రో గని కరెక్టే. రామచిలుకను చూడుండ్రి, పైముక్కు లేస్తది, కోడిది కూడ వేలుతోని నొక్కితే జర కదులుతది. ఈ రాకాసి కోళ్ళకు ఆ కదులుడు పోయింది, పుర్రె మొత్తం గట్టిగ ఒకటే దిమ్మె అయిపోయింది. 2010 ల కొందరు శాస్త్రవేత్తలు ఆండల్‌గలోర్నిస్ అనే దీని చుట్టపు పక్షి తలకాయకు సీటీ స్కాన్ తీసి కంప్యూటర్ల పెట్టి ఎటు నుంచి కొడితే ఎంత తట్టుకుంటదో చూసిండ్రు. అది దీనికన్న మస్తు చిన్నది, 40 కిలోలు, మనిషి ఛాతీ దాక వస్తది. ముక్కు కొసన కరిచే బలం 133 న్యూటన్లే వచ్చింది, అంటే 13, 14 కిలోల బరువు పెట్టినంత, గంత పెద్దదేం కాదు. గని పైనుంచి కిందికి పొడిచినా, కొరికి ఎన్కకు గుంజినా ఆ తలకాయ గట్టిగ తట్టుకుంటది, పక్కలకు ఊపితే మాత్రం బలహీనం. గందుకని పట్టుకొని అటు ఇటు విదిలిచ్చేది కాదు, గొడ్డలి ఏటు లెక్క పైనుంచి కొట్టి, ఎన్కకు జరిగి, మళ్ళ కొట్టేదని వాళ్ళన్నరు.

నాకు ఇది చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది నా కత్తి ముచ్చటే. కొత్తగ పనికొచ్చిన పిలగానికి మొదటి రోజు నేను చెప్పేది ఇదే, కత్తిని నిలువుగ కొట్టు ఎంతన్న కొట్టు ఏం కాదు, బొక్కల ఇరికినంక పక్కకు తిప్పినవంటే వాదర పోతది. పోయిన దసరాకు అట్లనే ఒకడు నా మంచి కత్తికి శెనగ గింజంత తునక లేపిండు.

ఇగ కిట్టుల మొదటి పెద్ద తప్పు ఇక్కడ్నే ఉన్నది. మెడ కీలు వాళ్ళు ఎట్ల పెట్టిండ్రంటే తలకాయ కుడికి ఎడమకు తిరుగుతది, కిందికి మీదికి లేవదు! ఏ పక్షి గొప్పతనం అంతా పైనుంచి కిందికి కొట్టుడు మీద ఉన్నదో దానికి కిందికి వంగే మెడ పెట్టలే. ఫ్యాన్ తిరిగినట్టు తిరుగుతది అంతే. పోరడు అయిదు నిమిషాలు అటు ఇటు తిప్పి "ఇది వద్దు వద్దు అంటున్నది బాపూ" అని పక్కకు పెట్టిండు. మెడ ముక్కలు 13 ఉన్నయ్, అన్నిటికి గమ్ము పెట్టి అతికించుమని కాయిదంల ఉన్నది, పై నుంచి మూడో దానికాడ మాత్రమే కీలు. కొనేటోళ్ళకు నేను చెప్పేది ఏందంటే, అన్ని ముక్కలకు గమ్ము పెట్టకుండ్రి, నడుమల సన్న రబ్బరు తాడు గుచ్చి కట్టుండ్రి, ఒంగుతది. మేం కట్టినంక అయితే తలకాయ మంచిగ టేబుల్ మీద టక్కున పడుతున్నది.

రెండో తప్పు చేతులు.

రెక్కలు అని రాయబోయి చేతులు అని రాసిన, ఎందుకంటే అవి చేతులే. మూడు వేళ్ళు, మూడింటికి వంకర గోర్లు, డైనోసార్ సినిమాల్ల ఉన్నట్టు ముంగటికి చాపి ఉన్నయ్. చూడంగనే నాకు ఎక్కడో కాలింది. పక్షి రెక్క నేను రోజూ విప్పుత. కోడి రెక్క కొస తోలు తీసి చూడుండ్రి, దాంట్ల కూడ మూడు వేళ్ళ బొక్కలే ఉంటయ్, రెండు కలిసి అతుక్కపోయి, ఒకటి బొటనవేలు లెక్క చిన్నగ పక్కకు. నాటుకోళ్ళల్ల ఒక్కోదానికి ఆ బొటనవేలు కొసకు బియ్యపుగింజంత గోరు కూడ ఉంటది, బూరు పీకేటప్పుడు వేలికి తగుల్తది, నేను చానసార్లు చూసిన. కాబట్టి గోరు ఉన్నదంటే నేను కొట్లాడ, గని పట్టుకునే చెయ్యి ఎక్కడిది?

రాత్రి ఫోన్ల ఎతికితే ఇది ఎక్కడ్నుంచి వచ్చిందో దొరికింది. అమెరికాల ఫ్లోరిడాల శాంటా ఫే అనే నది అడుగున ఇట్లాంటి పక్షి బొక్కలే దొరికినయ్, 1963 ల దానికి టైటానిస్ అని పేరు పెట్టిండ్రు, ఈ జాతిల దక్షిణ అమెరికా దాటి ఉత్తరానికి పోయినట్టు తెలిసింది ఇదొక్కటే. దాని రెక్క బొక్క కీలు మిగతా పక్షుల లెక్క లేదని, బిగుసుకొని ఉన్నదని, అంటే అది రెక్క కాదు, వేటను పట్టుకునే గోర్ల చెయ్యి అయి ఉంటదని 1990 ల నడుమ ఒకాయన అన్నడు. ఇగ బొమ్మలేసేటోళ్ళకు పండుగే పండుగ. గని 2005 ల వేరేటోళ్ళు చూసి చెప్పిండ్రు, అచ్చం గట్లాంటి కీలే సెరియెమా అనే పక్షికి కూడ ఉన్నది, దానికి మామూలు రెక్కలే ఉన్నయ్, చేతులేం లేవు అని. ఆ సెరియెమా ఎవరంటే ఈ రాకాసి కోళ్ళకు ఇప్పుడు బతికున్న చుట్టాలల్ల అందరికన్న దగ్గరి చుట్టం, బ్రెజిల్ అర్జెంటీనా గడ్డి మైదానాలల్ల తిరుగుతది, ఎగురుడు కన్న ఉరుకుడే ఎక్కువ. చిన్న జీవి దొరికితే ముక్కుతోని పట్టుకొని నేలకేసి కొడ్తది. మా దొడ్లె నాటుకోడి బల్లిని పట్టుకుంటే ఇదే పని, చేతులు లేకుండనే మంచిగ సాగుతది.

అంటే 2005 లనే కొట్టిపారేసిన ముచ్చటను ఇప్పుడు ప్లాస్టిక్‌ల పోసి నాకు అమ్మిండ్రు. అదీ టైటానిస్‌ది తెచ్చి కెలెంకెన్‌కు తగిలిచ్చి. కెలెంకెన్‌ది అసలు దొరికిందే తలకాయ, ఒక కాలి బొక్క, వేలి బొక్క, ఇంకొన్ని తునకలు. రెక్క దొరకనే లేదు. మిగతా ఒళ్ళంతా చుట్టాలను చూసి అందాజగ పెట్టాలె, అది తప్పు కాదు, ఎవరన్న అట్లనే చేస్తరు, ఎత్తు మూడు మీటర్ల దాక ఉంటదని అనేది కూడ అంచనానే. గని డబ్బా మీద "నిజమైన అస్థిపంజరం నకలు" అని పెద్దక్షరాలతోని ఎందుకు రాస్తరు? 68 ముక్కలల్ల నిజంగ దొరికినయి ఏవి, అందాజ ఏవి అని రెండు రంగులల్ల పోసి ఉంటే నేను అయిదు స్టార్లు ఇద్దును, ఒట్టు.

కాళ్ళ విషయంల మాత్రం మెచ్చుకోవాలె. చానమంది బొమ్మలల్ల పక్షి మోకాలు ఎన్కకు వంగినట్టు పెడ్తరు. మా పోరడు కూడ గట్లనే అనుకున్నడు. వాన్ని దుకాణానికి తీస్కపోయి పూర కోడి కాలు చేతికిచ్చి చూపించిన, నువ్వు మోకాలు అనుకునేది మోకాలు కాదు, అది మడిమె కాడి కీలు, అసలు మోకాలు ఇగో గీడ తొడకు లెగ్ పీసుకు నడుమ, కడుపు పక్కన దాచి ఉన్నది, లెగ్ పీసు అంటే పిక్క, దాని కింద పొలుసుల కాలు మనం పారేస్తమే అది పాదం, కోడి ఎప్పుడూ మునివేళ్ళ మీదనే నడుస్తది. కిట్టుల ఈ నాలుగు ముక్కలు సరైన పొడుగుల్ల, సరైన వంపుల ఉన్నయ్. కింది పొడుగు బొక్క సన్నగ పోసిండ్రు, అదీ కరెక్టే, కెలెంకెన్ కాలి బొక్క సన్నగ పొడుగ్గ ఉండుట్లనే ఇంత పెద్ద పక్షి కూడ మంచిగ ఉరికేదని అన్నరు, అంతకుముందు పెద్దయి అన్ని మొద్దు నడకనే అనుకునేటోళ్ళు.

పోరనికి ఇంకోటి చూపించిన, అది కిట్టుల లేదు. కోసి పారేసిన కోడి పంజా తీస్కొని తెగిన కాడ తెల్ల నరం ఉంటది కద, దాన్ని గుంజితే వేళ్ళు ముడుచుకుంటయ్. చిన్నప్పుడు మేమంతా ఆడిన ఆటే. వాడు గంటసేపు గుంజిండు. 1,349 రూపాయల బొమ్మ టేబుల్ మీద ఉన్నది, పోరడు పుక్కట్ల వచ్చిన పంజాతోని ఆడుకుంటున్నడు.

ప్లాస్టిక్ క్వాలిటీ గురించి అడుగుతరేమో, దానికి నా కాడ గట్టి పరీక్షే ఉన్నది. కాళ్ళు అతికించి ఎండల ఆరబెట్టినం, దుకాణం ముంగట కుక్క ఒకటి పడి ఉంటది ఎప్పుడూ, అది బొక్కనే అనుకొని ఒక కాలు నోట్ల పెట్టుకొని ఉరికింది. పాపం దానికేం తెలుసు, పద్నాలుగేండ్ల సంది గీడ బొక్క కనపడితే అది దానిదే. బస్టాండ్ దాక ఎంబడి పడి గుంజుకొచ్చినం. విరగలే, పగలలే, కింది కొసకు మాత్రం పంటి గుంతలు పడ్డయ్. నేను అయ్యో అంటుంటే పోరడు ఎగిరి గంతేసిండు. ఎందుకంటే కొలంబియా దేశంల టటకోవా ఎడారిల దాదాపు ఇరవై ఏండ్ల కింద దొరికిన ఒక కాలి బొక్కను మొన్న మొన్న రాకాసి కోడిదని గుర్తుపట్టిండ్రు, 2024 ల దాని గురించి అచ్చేసిండ్రు, కోటి ఇరవై లక్షల ఏండ్ల కిందిది, ఆ బొక్క మీద పంటి గాట్లు ఉన్నయ్. పురుసారస్ అనే పెద్ద మొసలి జాతి జంతువుది అయి ఉంటదని అన్నరు. అంటే ఈ రాకాసి కోడిని తినేటోడు ఇంకోడు ఉండె. మాకేమో కుక్క ఆ పని చేసి పెట్టింది, ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా పోరడు మొదలు ఆ కాలే చూపిస్తడు.

గమ్ము మాత్రం దండుగ. నీళ్ళ లెక్క ఉన్నది, పొద్దంత పట్టుకొని కూసుంటే అతుకుతది. ఫెవిక్విక్ తెచ్చుకోండ్రి, పది రూపాయలది రెండు సాలు.

కాయిదంల రాసిన ముచ్చట్ల గురించి. మొదటి లైనే తప్పు, "జురాసిక్ కాలపు భయంకర పక్షి" అని. జురాసిక్ ఎక్కడ ఇది ఎక్కడ. డైనోసార్లు పోయిందే 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద, జురాసిక్ దానికన్న ఇంకా మస్తు ఎన్కకు. ఈ పక్షులు డైనోసార్లు పోయినంక వచ్చి, టైటానిస్ అయితే ఇంచుమించు 18 లక్షల ఏండ్ల కింది దాక ఉండె. ఈ తప్పు నాకు ఎక్కువ గుచ్చుకునుడుకు కారణం ఏందంటే, జురాసిక్ మాది. మా తాలూకాల కోటా అని ఊరున్నది, మా దిక్కు జురాసిక్ రాతిపొరలకు దేశమంతా ఆ ఊరి పేరే, కోటాసారస్ అనే డైనోసార్‌కు ఆ పేరే పెట్టిండ్రు, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల దాని బొక్కలు నిలబెట్టి ఉన్నయ్. పోచంపల్లి అనే ఊరి కాడ బారాపాసారస్ అనే ఇంకో డైనోసార్ దొరికింది, బెంగాలీల బారా పా అంటే పెద్ద కాలట, కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వుకపోయిండ్రు, అప్పుడు టాగోర్ పుట్టి వందేండ్ల పండుగ నడుస్తున్నదని పూర్తి పేరుల ఆయన పేరు కూడ కలిపిండ్రు. గసుంటి ఊర్ల ఆరో తరగతి పోరనికి జురాసిక్ అంటే ఏందో తెలుసు. వాడు పెన్ను తీస్కొని కాయిదం మీద ఆ లైను కొట్టేసి పక్కకు మరాఠీల "చూక్" అని రాసిండు, అంటే తప్పు అని.

అదే కాయిదంల ఎన్క "దీని అన్నదమ్ములు" అని ఒక బొమ్మ ఉన్నది, గాస్టోర్నిస్, అది యూరపుల, ఉత్తర అమెరికాల ఉండె, అదీ మాంసం తినేదే అని రాసిండ్రు. ఇదీ పాత ముచ్చటే. దాని ముక్కుకు కొక్కెం లేదు, బొక్కలల్ల కాల్షియం లెక్క చూస్తే గడ్డీ గాదం తినేటిదే అని తేలింది. ఆ బొమ్మ చూసి మా దుకాణం పిలగాడు "ఇది బాతు కదన్నా" అన్నడు. వానికి ఎవ్వరూ చెప్పలే, ముక్కు చూసి అన్నడు. దాన్ని బాతులు, కోళ్ళ దిక్కు చుట్టమే అంటరు, అంటే పిలగాడు కాయిదం రాసినోని కన్న నయం.

బొమ్మ పూర్తయినంక నేను దుకాణం కౌంటర్ మీద పెట్టిన వారం రోజులు, 50 సెంటీమీటర్ల ఎత్తు, మంచిగ కనపడ్తది. కాళేశ్వరం నుంచి ఒక సార్ వస్తడు, రిటైరైండు, ఎప్పుడూ అరకిలో స్కిన్‌లెస్సే. ఆయన అద్దాలు పైకి జరిపి చూసి "మన దిక్కు ఉండెనా ఇసుంటియి" అన్నడు. లేవు సార్, ఇవన్ని దక్షిణ అమెరికావి, అది కోట్ల ఏండ్లు దీవి లెక్క వేరేగ ఉండె, అక్కడ పెద్ద పులులు గిట్ల లేవు, గందుకే వీటి రాజ్యం నడిచింది అని చెప్పిన. మన దేశంల పెద్ద పక్షి కావాలంటే నిప్పుకోడి ఉండె సార్ అన్న. నమ్మలే. నిజమే, మా మహారాష్ట్రలనే జల్గావ్ దిక్కు పాట్నె అనే ఊర్ల తవ్వకాల్ల నిప్పుకోడి గుడ్డు పెంకులు దొరికినయ్, గీతలు చెక్కి ఉన్నయ్, పాతికవేల ఏండ్ల నాటియి, హైదరాబాద్‌ల ఉన్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు 2017 ల మన దేశంల దొరికిన పెంకుల డీఎన్ఏ చూసి నిప్పుకోడివే అని ఖాయం చేసిండ్రు. సార్ "అయితే దాని గుడ్డు ఆమ్లెట్ ఎంతమందికి సాలుతుండెనో" అని పోయిండు. చికెన్ తీస్కపోవుడు మర్శిపోయి మళ్ళ ఎన్కకు వచ్చిండు.

ఇగ ముక్కు విరిగిన కథ. ఎనిమిదో రోజు, మా చెల్లె కొడుకు వచ్చిండు, నాలుగేండ్లోడు, బొమ్మ తలకాయ పట్టుకొని కుక్క గుడ్డను విదిలిచ్చినట్టు పక్కలకు విదిలిచ్చిండు. టప్పున విరిగింది, కన్ను ముంగట్నే, అడ్డంగ. మా పోరడు వారం రోజులు దానితోని టేబుల్ మీద, మొద్దు మీద, నా వీపు మీద పైనుంచి కొట్టిండు, ఏం కాలే. పక్కకు ఒక్క ఊపు ఊపితే పోయింది. పోరడు ఏడుస్తడనుకున్న, వాడు ముక్కలు పట్టుకొని "2010 ల చెప్పిండ్రు కద బాపూ" అన్నడు. నాకు ఏమనాల్నో తెల్వలే. దీనికి స్టార్ కొయ్యాల్నా ఇయ్యాల్నా అని ఇంక తేల్చుకోలే, అందుకే దాన్ని అట్లనే వదిలేసిన. ఫెవిక్విక్‌తోని అతికించినం, దగ్గరికెళ్ళి చూస్తెనే గీత కనపడ్తది.

అమ్మినోళ్ళకు చేతుల గురించి, మెడ గురించి, జురాసిక్ గురించి పెద్ద మెసేజు పెట్టిన, హిందీల. "ఫీడ్‌బ్యాక్ ఇచ్చినందుకు ధన్యవాదాలు సార్" అని ఒకటే లైను వచ్చింది, ఎన్క ఒక పువ్వు బొమ్మ. చేతులు మేమే సరి చేసుకున్నం, గోర్లు కట్టరుతోని కోసేసి, వేళ్ళు ఎన్కకు మడిచి ఒంటికి ఆనిచ్చి అతికించినం, నిజం కోడి రెక్క పక్కన పెట్టుకొని చూసి చేసినం, ఇప్పుడు పక్షి లెక్క ఉన్నది.

ఒక్కటి మాత్రం మాతోని అయితలేదు. కాలి లోపలి వేలికి కొడవలి లెక్క పెద్ద గోరు ఉన్నది ఈ కిట్టుల, అది నేల మీద ఆనకుండ పైకి లేపి పెట్టాలె, ఈ ముచ్చట వాళ్ళకు ఎట్ల తెలిసిందో గని కరెక్టే, అర్జెంటీనాలనే రియో నెగ్రో దిక్కు 80 లక్షల ఏండ్ల నాటి అడుగుల గుర్తులు దొరికినయ్, 2023 ల వాటి గురించి రాసిండ్రు, బరువంతా ఎక్కువగ రెండు వేళ్ళ మీదనే, లోపలి వేలు లేపి నడిచేదట, వేటను తొక్కి పట్టుటానికి ఆ గోరు. గసుంటి ముఖ్యమైన గోరు నా డబ్బాల రెండూ ఎడమ కాలియే వచ్చినయ్. కుడిది లేదు. నాలుగో నంబరు కవర్ల ఉంటది, తెరవంగనే ముందు అదే చూసుకోండ్రి. ఎవరికన్న రెండూ కుడియే వచ్చి ఉంటే చెప్పుండ్రి, నా దగ్గర ఒక ఎడమది ఊకెనే ఉన్నది, మంచిర్యాల దాకనైతే మా బావమరిది తెచ్చిస్తడు.